రెండు చోట్లా కట్టిన మనిషి

బీమా కంపెనీ నుంచి వచ్చిన ఉత్తరం అక్క చదవలేదు. కవరు చింపి, కాగితం మడత విప్పి, కుట్టుమిషను మీద నా ముందు పడేసి, "చదువు," అంది.

చదివాను. అక్క తుంటి కీలు మార్చే ఆపరేషనుకి డబ్బు ఇవ్వబోమని రాశారు. కారణం ఒక్క వాక్యం. పాలసీ తీసుకోక ముందే తుంటి నొప్పికి వైద్యం చేయించుకున్నారట, ఆ సంగతి దరఖాస్తులో దాచిపెట్టారట.

"దాచానా?" అంది అక్క. "నేనా?"

ఎదురుగా, గుండీల డబ్బాల పక్కన స్టూలు మీద అన్నయ్య కూర్చుని ఉన్నాడు. అతను పనిచేసేది ఆ కంపెనీలోనే, క్లెయిములు చూసే విభాగంలో. ఉత్తరం కింద సంతకం మాత్రం అతనిది కాదు. అతని గదికి రెండు గదుల అవతల కూర్చునే మనిషిది.

"రూలు ప్రకారం చూస్తే..." అని మొదలెట్టాడు.

"రూలు సంగతి తర్వాత. ఆ దరఖాస్తు నింపిందెవరు?"

అన్నయ్య గుండీల డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టాడు.

నింపింది అన్నయ్యే. అది ఆరేళ్ళ కిందటి మాట. అప్పట్లో అతను సంచీ భుజానేసుకుని ఇల్లిల్లూ తిరిగి పాలసీలు అమ్మేవాడు. ఆ నెల లెక్కకి ఒక్క పాలసీ తక్కువ పడింది. ఈ కొట్లోనే, ఇదే స్టూలు మీద కూర్చుని అక్క పేరు మీద ఒకటి రాసుకున్నాడు. ఆ రోజు నేను అక్కడ లేను. అక్క చెప్పడం ఏమిటంటే, మిషను తొక్కుతూనే అంతా చెప్పాననీ, రెండేళ్ళ కిందట తుంటికి ఎక్స్‌రే తీశారనీ, కీలు అరగడం మొదలైందని డాక్టరన్నాడనీ, పది రోజులు మాత్రలు మింగాననీ. 'సరేలే అక్కా, ఇక్కడ సంతకం పెట్టు,' అన్నాడట. పాత జబ్బులేమైనా ఉన్నాయా అన్న ప్రశ్న పక్కన రెండు గళ్ళున్నాయి. 'లేవు' అన్న గడిలో టిక్కు పడింది. ఉన్నాయని రాస్తే ఆఫీసువాళ్ళు పరీక్షలంటారు, నెల దాటిపోతుంది, అన్నయ్య లెక్క నిండదు.

ఇప్పుడు అక్క కీలు పూర్తిగా అరిగిపోయింది. ప్రైవేటు ఆసుపత్రిలో డాక్టరు, నొప్పి ఎన్నాళ్ళ నుంచి అనడిగితే, దాపరికం తెలియని మనిషి కాబట్టి ఎనిమిదేళ్ళని చెప్పింది. ఎక్స్‌రే సంగతీ చెప్పింది. ఆయన రాసుకున్నాడు. కంపెనీవాళ్ళు అది చదివి, పాత దరఖాస్తు బయటికి తీసి, ఈ ఉత్తరం రాశారు.

"నువ్వు నాకు చెప్పినట్టు గుర్తులేదక్కా," అన్నాడు అన్నయ్య.

అక్క కాసేపు అతని మొహంలోకి చూసింది. అమ్మానాన్నలు ఏడాది తేడాలో పోయేసరికి అక్కకి ఇరవై, అన్నయ్యకి తొమ్మిది, నాకు మూడు. పెళ్ళి ఊసెత్తినవాళ్ళని కొట్టు గుమ్మం దాటనివ్వకుండా, స్కూలు యూనిఫారాలు కుట్టి మా ఇద్దర్నీ చదివించింది. అన్నయ్యకి 'ప్లీడరు' అని పేరు పెట్టింది కూడా తనే. పళ్ళెం పగలగొట్టి, తప్పంతా పళ్ళెందేనని నిరూపించగలిగే పిల్లవాడు మరి.

"సరే, ప్లీడరూ. ఇప్పుడేం చెయ్యమంటావు?"

అన్నయ్య వెంటనే నా వైపు తిరిగాడు. దొరికిపోయినప్పుడల్లా అతను చేసే పని అదే. "ఏమే, మీ ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్ల లిస్టు నీ చేతిలోనే ఉంది కదా. ఒక పేరు పైకి జరపడానికి ఎంతసేపు?"

నిజమే. ఆ లిస్టు చూసే గుమాస్తాని నేనే.

"అక్కడ నాలుగు వందల పన్నెండు మంది ఉన్నారు," అన్నాను.

"అందులో మన అక్క ఒక్కతే."

"మిగతావాళ్ళు కూడా ఎవరో ఒకరికి అక్కలే. నువ్వు చేసిన నిర్వాకానికి వాళ్ళెందుకు ఆగాలి?"

"అబ్బో, గేటుకీపరు గారు! అందరికీ ఉచితం అని బోర్డు పెట్టి అందర్నీ బెంచీల మీద కూర్చోబెట్టడం, అదీ ఒక వైద్యమేనా?"

"మీది మాత్రం? ఒళ్ళు బాగున్నన్నాళ్ళూ నవ్వుతూ కట్టించుకుని, మంచాన పడగానే పాత కాగితాలు తవ్వడమా?"

అక్క చెక్క స్కేలు తీసి మిషను బల్ల మీద చళ్ళున కొట్టింది. ఇద్దరం నోరు మూసుకున్నాం. నాకు నలభై దాటినా ఆ చప్పుడికి ఇప్పటికీ వీపు జలదరిస్తుంది.

"ఒక్కొక్కరూ చెప్పండి. నాకర్థమయ్యేట్టు. ఏళ్ళ తరబడి నీ దగ్గరా కట్టాను, దాని దగ్గరా కట్టాను. ఎందుకు కట్టానో చెప్పండి."

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "వెయ్యిమంది తలా కొంత కడతారక్కా. ఏడాదిలో ఏ పదిమందికో పెద్ద జబ్బు వస్తుంది. అందరి డబ్బూ ఆ పదిమందికి పోతుంది. అయితే జబ్బు వచ్చాకే అందరూ చేరితే మిగతావాళ్ళ డబ్బు ఏడాదిలో ఊడ్చుకుపోతుంది. అందుకే చేరేటప్పుడే అడుగుతాం, నీకేమైనా ఉందా అని."

"అడిగితే కదా," అన్నాను.

"నువ్వాగు. నీది చెప్పు."

"మా దగ్గర ఎవర్నీ ఏమీ అడగరక్కా. నువ్వు కొనే దారం మీదా, కత్తెర మీదా, నా జీతంలోనూ, అందరి దగ్గరా పన్ను తీసుకుంటారు. ఎవరికి జబ్బు చేసినా రావచ్చు. కానీ తుంటి ఆపరేషన్లు చేసే డాక్టర్లు ముగ్గురు. ఆపరేషను బల్లలు రెండు. అందుకని ఎవరికి ఎక్కువ అవసరమో చూసి, ఎవరు ముందు వచ్చారో చూసి..."

"అంటే, వాడు గుమ్మం దగ్గర ఆపుతాడు, నువ్వు లోపలికి రానిచ్చి ఆపుతావు." అక్క స్కేలు పక్కన పెట్టింది. "రెండు చోట్లా కట్టాను. రెండు చోట్లా నేను పెంచినవాళ్ళే కూర్చున్నారు. నాకు మాత్రం మంచం లేదు. పొండి ఇద్దరూ. కొట్టు మూసుకోవాలి."

అప్పుడు టైము మధ్యాహ్నం మూడు.

*

మర్నాడే అక్క పేరు మా ఆసుపత్రి లిస్టులో పద్ధతి ప్రకారం రాయించాను. డాక్టరు నడిపించి చూశాడు, కాలు మడిపించి చూశాడు, మార్కులు వేశాడు. నూట ఎనభై ఏడో స్థానం వచ్చింది. ఏడాది పైమాటే. దాంతోపాటు ఇంకో లిస్టులోనూ చేర్పించాను. 'పిలిస్తే వచ్చేవాళ్ళ లిస్టు' అంటాం దాన్ని. రేపు ఆపరేషను ఉన్నవాళ్ళకి హఠాత్తుగా జ్వరమో మరొకటో వస్తే ఆ బల్ల ఖాళీ పోకుండా, పరీక్షలన్నీ ముందే చేయించుకుని, ఈ రోజు పిలిస్తే రేపు పొద్దున్నే రాగలమని రాసిచ్చినవాళ్ళ పేర్లుంటాయి అందులో. ఒక్క రోజులో అన్నీ సర్దుకు రావడం కష్టం కాబట్టి చేరేవాళ్ళు తక్కువ. నాలుగు నెలలకి ఆ చిన్న లిస్టులో అక్క రెండో స్థానానికి వచ్చింది.

మొదటి స్థానంలో ఒక బస్సు డ్రైవరు ఉన్నాడు. బ్రేకు తొక్కలేక ఉద్యోగానికి సెలవు పెట్టి పద్నాలుగు నెలలైంది. ప్రతి సోమవారం నా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడేవాడు. మా గది తొమ్మిదో నంబరు. గాజుపలకకి మధ్యలో అరచేయంత గుండ్రటి రంధ్రం, దానికి మొహం దగ్గరగా పెట్టి మాట్లాడాలి. ఆయన పెట్టేవాడు కాదు. అంత దూరాన నిలబడే అరిచేవాడు.

"ఏమ్మా, నేను పోయాక పిలుస్తావా? అప్పుడు తుంటి అవసరం ఉండదు, తెలుసా?"

నాకు ఆ మనిషంటే ఒళ్ళు మంట. ఆయనకీ నేనంటే అంతే.

ఒకరోజు అన్నయ్య కూడా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ కార్డు. క్యూలో నిలబడలేదు, సరాసరి రంధ్రం దగ్గరికొచ్చి అందరికీ వినబడేలా అన్నాడు. "మేడం గారూ, మా అక్క మెట్ల మీద కూర్చుని, చేతులు ఆనించుకుంటూ వెనక్కి పాకుతూ ఇంట్లోకెళ్తోంది. మీ రూలు పుస్తకం క్షేమంగా ఉందా?"

వెనక నిలబడ్డవాళ్ళు నన్ను చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. డ్రైవరు కూడా ఉన్నాడు అక్కడే. "మీ అక్క కూడా లిస్టులో ఉందా?" అనడిగాడు అన్నయ్యని. అన్నయ్య జారుకున్నాడు.

ఆ సాయంత్రం అక్క ఇంటికెళ్ళాను. అన్నయ్య చెప్పింది అబద్ధం కాదు. అక్క నాలుగో మెట్టు మీద కూర్చుని ఉంది, వీపు నాకు కనపడుతోంది. ఒక చేత్తో కూరల సంచీ పై మెట్టు మీద పెడుతుంది, తర్వాత తనని తాను లాక్కుంటుంది, మళ్ళీ సంచీ. నేను పరుగెత్తి పట్టుకోబోతే, "ముట్టుకోకు. లెక్క తప్పుతుంది," అంది. కొట్లో మిషను కాలితో తొక్కలేక కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడంచేత్తో బట్ట జరుపుతోందట. ఒక గౌను కుట్టడానికి రెండు రోజులు. యూనిఫారాల పని చేజారిపోయింది.

ఆ తర్వాతి బుధవారం పదకొండింటికి, మర్నాటి ఆపరేషనుకి రావాల్సిన టీచరమ్మకి జ్వరమని ఫోనొచ్చింది. బల్ల ఖాళీ.

లిస్టులో మొదటి మనిషికి పది నిమిషాల తేడాతో మూడుసార్లు ఫోను చెయ్యాలి. మూడుసార్లూ ఎత్తకపోతే, మూడు గళ్ళలో 'జవాబు లేదు' అని టిక్కు పెట్టి, రెండో మనిషికి చెయ్యాలి. డ్రైవరు నంబరు నొక్కాను. ఒకసారి మోగింది.

పెట్టేశాను.

మూడు గళ్ళలోనూ టిక్కు పెట్టాను. తర్వాత అక్కకి ఫోను చేసి, "రేపు పొద్దున ఆరింటికి, ఏమీ తినకుండా రా," అన్నాను. "కొట్టు తాళం ఎవరికివ్వను?" అంది అక్క. ఆ గొంతులో సంతోషం విని ఎన్నేళ్ళయిందో.

*

గురువారం ఏడున్నరకి అక్క ఆసుపత్రి గౌను వేసుకుని, తొమ్మిదో నంబరు గదికి ఎదురుగా వసారాలో బెంచీ మీద కూర్చుంది. ఆపరేషను తొమ్మిదింటికి. ఆ గౌను కుట్టు బాగాలేదని, చంక దగ్గర బట్ట లాగేస్తోందని నర్సుతో గొడవ పెట్టుకుని అప్పుడే ముగించింది.

డ్రైవరు కర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు. ఈసారి రంధ్రం దగ్గరికే వచ్చాడు. ఫోను గాజుకి ఆనించాడు.

"ఇది మీ నంబరేనా?"

నేను లిస్టు పుస్తకం దగ్గరికి లాక్కున్నాను.

"నిన్న పదకొండు నాలుగుకి ఒక్క మిస్డ్ కాల్. ఒక్కటి. ఎత్తేలోపల ఆగిపోయింది. తిరిగి చేస్తే ఇది ఆసుపత్రి నంబరు, దీనికి ఫోన్లు రావని మిషను చెప్తోంది. అందుకని పొద్దున్నే బయల్దేరి వచ్చాను. వార్డులో అడిగితే నేను మూడుసార్లు ఎత్తలేదని రాసుందంటున్నారు. మిగతా రెండూ ఏవి? చూపించు. నా ఫోనులో చూపించు!"

వసారా అంతా వినిపించింది. నేను లేచి నిలబడ్డాను. ఏదో చెప్పాలని నోరు తెరిచాను. అప్పుడు అక్క గొంతు వినపడింది.

"ఆయన బదులు పిలిచింది నన్నేనా?"

అక్క నన్ను అడగలేదు, డ్రైవరునే అడిగింది. "ఎన్నాళ్ళ నుంచి చూస్తున్నారు మీరు?"

"పద్నాలుగు నెలలు."

"నేను నాలుగు."

అక్క వెంటనే లేచిందని చెబితే అది అబద్ధమే అవుతుంది. చాలాసేపు అలాగే కూర్చుంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, తుంటి వైపు ఒకసారి, ఆపరేషను గది తలుపు వైపు ఒకసారి చూసింది. డ్రైవరు కూడా అరవడం మానేశాడు. తర్వాత కర్ర ఆనించుకుని లేచి, "నర్సమ్మా, నా బట్టలు తెచ్చివ్వు," అంది. డ్రైవరు వైపు తిరిగి, "మీరేమైనా తిన్నారా?" అనడిగింది. లేదన్నాడాయన. పిలిచారు కదా, ఎందుకైనా మంచిదని తినకుండానే వచ్చాడట. "అయితే వెళ్ళండి. ఆ గౌను చంక దగ్గర బిగుతు. పెద్ద సైజు అడగండి."

ఆయన వార్డు వైపు నడిచాడు. నన్ను దాటేటప్పుడు మాత్రం ఆగి, మా పై అధికారి గది ఎక్కడుందో అడిగాడు. నేనే చెప్పాను.

బట్టలు మార్చుకుని అక్క బయటికొచ్చాక ఆటో దాకా పక్కన నడిచాను. పట్టుకోనివ్వలేదు.

"మీ అన్న ఒక్క గడిలో టిక్కు పెట్టాడు," అంది. "నువ్వు మూడింట్లో పెట్టావు."

"నీ కోసమే కదక్కా."

"నా కోసమా? అంత చేసేదానివి నాకు తెలియకుండా చెయ్యలేకపోయావా? ఈపాటికి మత్తులో ఉండేదాన్ని." ఆటో ఎక్కడానికి కాలు లేవక, రెండు చేతులతో కాలిని ఎత్తి లోపల పెట్టుకుంది. "తెలిశాక ఎలా పడుకుంటానే ఆ బల్ల మీద?"

ఆ మధ్యాహ్నమే నాకు మెమో వచ్చింది, చేసింది ఒప్పుకుంటూ జవాబు రాసిచ్చాను. వారం తిరిగేసరికి లిస్టు పని తీసేసి, పాత కేసు కాగితాలు పడేసే కింది గదికి మార్చారు. 'పిలిస్తే వచ్చేవాళ్ళ లిస్టు'లోంచి అక్క పేరు కూడా కొట్టేశారు. గుమాస్తా బంధువు కాబట్టి మొత్తం మళ్ళీ విచారించాలట. అన్నయ్యకి ఈ సంగతి తెలిసి ఫోను చేశాడు. "లంచం తిన్నా బాగుండేది, పనైనా అయ్యేది," అన్నాడు. నేను ఏమన్నానో ఇక్కడ రాయలేను.

*

ఇక మిగిలింది కంపెనీ మీద ఫిర్యాదు ఒక్కటే. బీమా తగాదాలు తీర్చడానికి ప్రభుత్వం పెట్టిన అధికారి ఒకాయన ఉన్నాడు. ఆయనకి రాయాలి. అక్క చెప్పింది, నేను రాశాను. ఒక్కో వాక్యం తిరిగి చదివించుకుంది. 'నా తమ్ముడు' అని నేను రాసిన చోటల్లా కొట్టించి, 'కంపెనీ మనిషి' అని రాయించింది.

అన్నయ్యకి సాక్షిగా రమ్మని నోటీసు వెళ్ళిన మర్నాడు వదిన మా ఇంటికొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అక్కాచెల్లెళ్ళు కలిసి ఆయన ఉద్యోగం ఊడబెరుకుతున్నారా?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పమంటున్నాం వదినా."

"చెబితే ఏమవుతుందో తెలుసా? తెలిసి తప్పు రాసినవాణ్ణి ఒక్క రోజు ఉంచరు. ఇద్దరు పిల్లల్ని మీ అక్క మిషను మీద పెంచుతుందా?"

"మమ్మల్నిద్దర్నీ పెంచింది ఆ మిషను మీదే."

వదిన మొహం ఎర్రబడింది. "ఆయన ఊరికే కూర్చున్నాడనుకుంటున్నారు మీరు. ఆ ఉత్తరం వెళ్ళకముందే పెద్దాఫీసరు కాళ్ళావేళ్ళా పడ్డాడు. నీ అక్క కేసులో వేలు పెడితే నీ సంగతి కూడా చూస్తామన్నారు. అప్పట్నుంచీ ఇంట్లో తిండి లేదు, మాట లేదు. ఇది మీకెవరు చెప్తారు?"

"అతనే చెప్పొచ్చు."

"చెబితే మీరు వింటారా?" అని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. విని ఉండేదాన్ని కాదు.

విచారణ జరిగిన గది చిన్నది. కుర్చీలు మరీ పల్లంగా ఉండటంతో అక్క కూర్చోలేకపోయింది. కూర్చుంటే లేవడం ఉండదని తెలుసు. కుర్చీ వీపు పట్టుకుని గంటసేపూ నిలబడే ఉంది. అధికారికి జలుబు, రుమాలు ముక్కు మీంచి తియ్యడం లేదు. కంపెనీ తరఫున లాయరొకాయన, పక్కన అన్నయ్య. లాయరు దరఖాస్తు కాపీ చూపించి, కింద అక్క సంతకం ఉందనీ, అన్నీ చదివి నిజమేనని ఒప్పుకున్నట్టేననీ అన్నాడు.

"మీరు చదివారా?" అధికారి అడిగాడు.

"లేదండీ. చేతిలో పనుంది. రాసేవాడు మనవాడే కదా అనుకున్నాను."

ఆయన అన్నయ్య వైపు తిరిగాడు. "తుంటి నొప్పి సంగతి ఈమె మీతో చెప్పారా?"

అన్నయ్య లాయరు వైపు చూశాడు. నేల వైపు చూశాడు. మా వైపు మాత్రం చూడలేదు. "గుర్తులేదండీ."

అక్క నవ్వింది. నవ్వంటే నవ్వు కాదు, ముక్కులోంచి వచ్చిన గాలి. "మూడో తరగతిలో వీడి పెన్ను పోయింది. దాని మూత ఏ రంగో ఇప్పటికీ చెబుతాడు."

"మీరు ఆగండమ్మా." అధికారి ముక్కు తుడుచుకుని కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. "సరే, ఆమె చెప్పింది గుర్తులేదు. పాత జబ్బులున్నాయా అని మీరు అడిగింది గుర్తుందా?"

"అది... గుర్తులేదండీ."

"అడిగారో లేదో గుర్తులేదా?"

"లేదండీ."

"మరి 'లేవు' అని దేన్ని బట్టి రాశారు?"

లాయరు గబగబా కాగితాలు తిరగేశాడు. అన్నయ్య చెవులు ఎర్రగా కందిపోయాయి. ఒక్క మాట చాలు, 'చెప్పింది' అని. నేను అతని పెదాల వైపే చూస్తున్నాను. అక్క కూడా చూస్తోంది. కుర్చీ వీపు మీద ఆమె వేళ్ళు తెల్లబడ్డాయి.

"ఒరేయ్," అంది అక్క, మెల్లగా. చిన్నప్పుడు నిద్ర లేపేటప్పుడు పిలిచినట్టు.

అన్నయ్య నోరు తెరవలేదు. అధికారి ఓపిగ్గా ఆగాడు, తుమ్మాడు, ఏదో రాసుకున్నాడు. "వెళ్ళి రండి," అన్నాడు.

మూడు వారాలకి తీర్పు వచ్చింది. అడిగినట్టు కంపెనీ మనిషే చెప్పలేని ప్రశ్నకి జవాబు దాచారని పాలసీ కొన్నవాళ్ళ మీద నింద వెయ్యడం చెల్లదు, మొత్తం ఖర్చు కంపెనీయే భరించాలి. అంతే. అక్క నిజం చెప్పిందని ఆ తీర్పులో ఎక్కడా లేదు. అన్నయ్య అబద్ధమాడాడనీ లేదు. అతని నోరు పెగలకపోవడం వల్లే అక్కకి మంచం దొరికింది, దాని వల్లే అతనికి ఉద్యోగమూ పూర్తిగా ఊడలేదు. క్లెయిముల గదిలోంచి తీసేసి మళ్ళీ సంచీ భుజాన వేశారు. ఇల్లిల్లూ తిరగడం.

తీర్పు చదివి వినిపిస్తే అక్క, "అయితే వాడు నోరు విప్పకుండానే గట్టెక్కాడన్నమాట," అంది.

*

ఆపరేషను ప్రైవేటు ఆసుపత్రిలో జరిగింది. మూడో రోజు నడిపించారు. నాలుగు కాళ్ళ స్టాండు ముందుకు తోస్తూ, పళ్ళు బిగబట్టి, గది ఆ చివరి దాకా వెళ్ళొచ్చింది. అన్నయ్య అదే రోజు పళ్ళు పట్టుకుని వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు. అక్క నర్సుని పిలిచి, "ఎవరో వచ్చారు, పాలసీలు అమ్ముకునేవాళ్ళలా ఉన్నారు, నాకు వద్దని చెప్పండి," అంది. అన్నయ్య పళ్ళ సంచీ గుమ్మం పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. వార్డులో వాళ్ళు పంచుకు తిన్నారు. నేనొకటి తిన్నాను.

ఇప్పుడు అక్క కొట్టు తీస్తోంది. మెట్లు నిలబడి ఎక్కుతోంది. పోయిన నెల పాలసీ గడువు వస్తే కట్టింది. మానేస్తావనుకున్నానే అంటే, "వాళ్ళ మీద కోపంతో నా ఎడమ తుంటిని గాలికొదిలెయ్యనా?" అంది. మా ఆసుపత్రి లిస్టులో కూడా పేరు తీయించొద్దంది, ఆ తుంటి కోసమే. నాతో మాట్లాడుతుంది. కానీ పనికి కావలసినంతే. సూది ఇవ్వు. దారం అయిపోయింది. నువ్విక వెళ్ళు.

నిన్న మధ్యాహ్నం పాత కాగితాల గదిలో ఉండగా అన్నయ్య ఫోను చేశాడు. ఏదో వీధిలో ఎండలో నిలబడి చేస్తున్నట్టుంది, వెనక బళ్ళ చప్పుడు.

"నా గురించి ఏమైనా అడిగిందా?"

"లేదు."

"నిన్ను మాత్రం ఇంట్లోకి రానిస్తోంది కదా. నువ్వు చేసింది చిన్నపనా? ఒక మనిషి వంతు కొట్టేశావు."

"నేను దొరికిపోయాక ఒప్పుకున్నాను. నువ్వు ఒప్పుకోకుండా నిలబడ్డావు."

"నేను నిలబడ్డాను కాబట్టే డబ్బొచ్చింది. నువ్వు ఒప్పుకుని ఏం సాధించావు? మెమో!"

"నీ టిక్కు లేకపోతే నాకు ఆ పని చెయ్యాల్సిన అవసరమేముంది?"

ఇద్దరిలో ఎవరు ఎక్కువ చెడ్డవాళ్ళో అరగంట వాదించుకున్నాం. తేలలేదు. చివరికి అతని ఫోనులో ఛార్జింగు అయిపోయింది.